పప్పులో కాలు వేసినవాడి మాట

ఛందస్సు, సంధులు, బడి రోజుల ముచ్చట్లు వ్రాసుకునే ఈ చోట తిండి సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. ఇది కూడా భాషకు సంబంధించిన విషయమే అని నా నమ్మకం. ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పిన నేను, రెండు తెలుగు మాటలను సరిగా అర్థం చేసుకోక నా ఒంటికి నేనే చేటు చేసుకున్నాను. ఆ రెండు మాటలు కొవ్వు, మాంసకృత్తు.

2019లో, అరవై దాటిన మరుసటి సంవత్సరం, రక్తపరీక్షలో నాకు కొలెస్టరాల్ ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉన్నదని తేలింది. వైద్యులు కాగితం చూసి, మందుబిళ్ళ ఒకటి వ్రాసి, “నెయ్యి, నూనె కాస్త తగ్గించండి మాస్టారూ” అన్నారు. ఆయన తగ్గించమన్నారు. నేను మానేశాను. నెయ్యి గిన్నె వంటింటి అలమరలో పై అరకు ఎక్కింది. వేరుసెనగ పప్పులు, నువ్వుల పొడి, కొబ్బరి ఇవన్నీ కొవ్వు వస్తువులే గదా అని వాటికీ స్వస్తి చెప్పాను. నెయ్యి లేని ముద్దపప్పు గొంతు దిగదు గనుక పప్పు కూడా పోయింది. మిగిలినవి చారు, మజ్జిగ. వాటితో ఆకలి తీరక అన్నం మరి రెండు హస్తాలు పెరిగింది.

ఏడాదిన్నరలో 68 కిలోల మనిషిని 62కు వచ్చాను. కనిపించినవారందరూ “చిక్కారు, బాగున్నారు” అన్నారు. నేనూ సంతోషించాను. ఐతే పూజ దగ్గర పీట మీద నుంచి లేవడానికి గోడ ఆసరా కావలసి వచ్చింది. తరువాత ఆ గోడా చాలక చెయ్యి అందించమని మా ఆవిడను పిలవవలసి వచ్చింది. ఆవిడ ఒకరోజు నన్ను ఎగాదిగా చూసి, “ఏమండీ, మీరు చిక్కింది పొట్ట దగ్గర కాదు, తొడల దగ్గర” అన్నది. వైద్యశాస్త్రం చదవని మనిషి చెప్పిన ఆ మాటలో ఎంత శాస్త్రం ఉన్నదో నాకు ఆనాడు తెలియదు.

2021లో మళ్ళీ పరీక్ష చేయించాను. బిళ్ళ పుణ్యమా అని చెడ్డ కొలెస్టరాల్ తగ్గింది గాని, ట్రైగ్లిసరైడ్లు పెరిగాయి, చక్కెర హద్దు మీదకు వచ్చి నిలబడింది. నెయ్యి చుక్క ముట్టనివాడి రక్తంలో కొవ్వు పెరగడమేమిటి? ఒకప్పుడు నా దగ్గర పదవ తరగతి చదువుకుని ఇప్పుడు వైద్యురాలైన అమ్మాయి ఒకతె ఉంటే, ఆమెకు కాగితాలు చూపించాను. ఆమె ముందుగా అడిగింది నెయ్యి గురించి కాదు. “రోజుకు పప్పు ఎంత తింటున్నారు మాస్టారూ? మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తున్నాయి?” అని అడిగింది. “మాకు మాంసకృత్తులెక్కడివమ్మా, మేము మాంసం ముట్టం గదా” అన్నాను. ఆ పిల్ల నవ్వి, “ఆ మాటకు విగ్రహవాక్యం మీరే చెప్పాలి మాస్టారూ” అన్నది.

సిగ్గుపడ్డాను. ‘మాంసకృత్’ అన్న మాటలో చివర ఉన్నది కృ ధాతువు. దానికి క్విప్ ప్రత్యయం చేరి, తుగాగమం వచ్చి ‘కృత్’ అయింది. గ్రంథకృత్ అంటే గ్రంథాన్ని చేసేవాడు. అదే విధంగా మాంసకృత్ అంటే మాంసాన్ని చేసేది. మాంసం నుంచి చేయబడినది అని అర్థం కాదు. తిన్నవాడి ఒంట్లో కండను కట్టేది ఏదో అది మాంసకృత్తు. కందిపప్పు మాంసకృత్తు, పెసలు మాంసకృత్తు, గడ్డపెరుగు మాంసకృత్తు. ఈ మాటను కల్పించినవారు చక్కగానే కల్పించారు. మనమే దాని మొదటి సగం విని, రెండవ సగం వినకుండా లేచిపోయాం. మా వీధిలో శాకాహారుల ఇళ్ళలో పెద్దవాళ్ళను అడిగి చూశాను. పదిమందిలో ఆరేడుగురు, “అవి మాంసంలో, గుడ్డులో ఉంటాయట గదా, మనకెందుకు” అన్నవారే. మూలభాషలో ఈ చిక్కు లేదు. 1838లో బెర్జీలియస్ సూచించగా ముల్డర్ అనే రసాయన శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చిన ‘ప్రొటీను’ అన్న పేరు, ‘మొదటిది, ముఖ్యమైనది’ అనే అర్థం గల గ్రీకు మాట నుంచి వచ్చింది.

ఇక ‘కొవ్వు’ సంగతి. మన భాషలో ఈ మాటకు పట్టినంత అపకీర్తి మరే తిండి మాటకూ పట్టలేదు. “వాడికి కొవ్వెక్కింది” అంటే పొగరు. “ఒళ్ళు కొవ్వి” అంటే తిట్టు. అదే వస్తువుకు సంస్కృతంలో మరొక పేరు స్నేహం. నూనెకూ అదే పేరు, చెలిమికీ అదే పేరు. తెలుగులోనూ నెయ్యి, నెయ్యము పక్కపక్కనే కూర్చుంటాయి. ఒకే పదార్థాన్ని ఒక పేరుతో పిలిస్తే చెలికాడయింది, మరొక పేరుతో పిలిస్తే పొగరుబోతు అయింది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉన్నది. కంచంలోని నెయ్యినీ కొవ్వు అంటాం, పొట్ట మీది మడతనూ కొవ్వు అంటాం, రక్తంలో తిరిగేదాన్నీ కొవ్వు అంటాం. పేరు ఒకటే గనుక కంచంలోది తిన్నగా నడిచివెళ్ళి పొట్ట మీద కూర్చుంటుందని నమ్ముతాం.

ఒంట్లో జరిగేది అది కాదు. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. ఖర్చు కాగా మిగిలినదాన్ని కాలేయం, కండరాలు కొంత దాచుకుంటాయి. ఆ కొట్టు చిన్నది. అది నిండిన తరువాత కాలేయం మిగులు పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. ఆ కొవ్వు ట్రైగ్లిసరైడ్ల రూపంలో ఉంటుంది. అనగా నెయ్యి మానేసి అన్నం పెంచిన నా రక్తంలో కొవ్వు పెరగడానికి ఆ అన్నమే ముఖ్య కారణం అయి ఉండవచ్చు. నెయ్యి గిన్నెను పై అరకు ఎక్కించి దొంగను బంధించాననుకున్నాను. దొంగ అన్నం తపేలాలో కూర్చుని ఉన్నాడు.

ఐతే కొవ్వు నిర్దోషి అని నేను తీర్పు చెప్పడం లేదు. ఇప్పుడు ఆ రెండవ కొసకు పోయినవారూ బయలుదేరారు. “నెయ్యి అమృతం, ఎంతైనా త్రాగవచ్చు, కొలెస్టరాల్ అన్నది మందుల కంపెనీల కట్టుకథ” అని చరవాణిలో రోజుకొక దృశ్యం నాకూ వస్తున్నది. అది తప్పు. నెయ్యిలో దాదాపు మూడింట రెండు వంతులు సంతృప్త కొవ్వు. సంతృప్త కొవ్వు ఎక్కువగా తింటే రక్తంలో ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్టరాల్ పెరుగుతుంది, అది పెరిగితే గుండె రక్తనాళాలలో పూడిక పెరుగుతుంది. ఇది ఎన్నో దేశాలలో, ఎన్నో ఏళ్ళుగా నిలకడగా కనిపించిన సత్యం.

ఇక్కడ కూడా మన పరిభాష ఒక తమాషా చేసింది చూడండి. ‘సంతృప్త కొవ్వు’ అంటే తెలుగువాడికి ఏమని తోస్తుంది? తింటే తృప్తినిచ్చే మంచిది అని తోస్తుంది. ‘అసంతృప్త కొవ్వు’ అంటే ఏదో వెలితి ఉన్న నాసిరకం అనిపిస్తుంది. ఆరోగ్యం దృష్టితో చూస్తే సంగతి తలక్రిందులు. కర్బనపు గొలుసులో ఉదజని పట్టడానికి ఇక చోటు లేకుండా నిండిపోతే అది సంతృప్తం. గది వేడిమిలో అది గడ్డకట్టి ఉంటుంది. నెయ్యి, కొబ్బరినూనె ఈ జాతివి. ఆ గొలుసులో చోటు మిగిలి ఉంటే అసంతృప్తం. వేరుసెనగ నూనె, నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనెలలో ఇది ఎక్కువ. చలికాలం ఉదయాన నెయ్యి గిన్నెను, నువ్వుల నూనె సీసాను పక్కపక్కన పెట్టి చూస్తే పాఠం సగం చెప్పినట్లే.

కొవ్వుల చరిత్రలో మనందరి ఇళ్ళ మీదుగా పోయిన అధ్యాయం ఒకటి ఉన్నది. పసుపుపచ్చ డబ్బా, దాని మీద తాళవృక్షం బొమ్మ, నా వయసువారెవరూ మరచిపోరు. 1937లో మన దేశంలో మొదలైన డాల్డా అది. నూనెలోనికి ఉదజనిని ఎక్కించి, నెయ్యిలాగా గడ్డకట్టేటట్లు చేసిన వనస్పతి. నెయ్యి కొనలేని ఇళ్ళలో పండుగ పిండివంటలన్నీ దానితోనే. చెట్టు నుంచి వచ్చినది గనుక మంచిదనీ అనుకున్నాం. కాని నూనెను సగంలో ఆపి గడ్డకట్టించినప్పుడు ట్రాన్స్ కొవ్వు పుడుతుంది. అది చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచడమే గాక మంచి కొలెస్టరాల్‌ను తగ్గిస్తుందని 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. డెన్మార్కు 2003లోనే దానికి హద్దు పెట్టింది. మన దేశంలో నూనెలలో, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించరాదన్న నియమం 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. ఏ కొవ్వును పేదవాడి నెయ్యి అనుకున్నామో అదే అన్నింటిలోకి చెడ్డదని తేలడానికి ఇంతకాలం పట్టింది. అన్నింటినీ ఒకే పేరుతో పిలిచి, ఒకే గాటన కట్టి భయపడితే, నువ్వుల పొడికీ వనస్పతికీ ఒకే శిక్ష పడుతుంది. నా వంటింట్లో జరిగిన అన్యాయం అదే.

నూనె డబ్బాల మీద ‘కొలెస్టరాల్ లేదు’ అని పెద్ద అక్షరాలతో వ్రాసి ఉండడం చూసే ఉంటారు. గింజల నూనెలో కొలెస్టరాల్ ఎన్నడూ చెప్పుకోదగినంత లేదు. అది జంతువుల నుంచి వచ్చే ఆహారంలో ఉండేది. బియ్యం సంచి మీద ‘ఇందులో చేప ముల్లు లేదు’ అని వ్రాసినట్లుంటుంది ఆ మాట. అది చదివి సంబరపడి బాణలిలో మరో గరిటె పోసేవారు ఎందరో.

కొంత కొవ్వు మనకు తప్పనిసరి. ఏ, డీ, ఈ, కే విటమిన్లు కొవ్వు తోడు లేనిదే ఒంటికి సరిగా పట్టవు. ఒంట్లోని ప్రతి కణం గోడా కొవ్వుతో కట్టినదే. లినోలిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండు కొవ్వు ఆమ్లాలను మన శరీరం తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. (ఆమ్లం అన్నంత మాత్రాన కడుపులో పులుపు పుట్టిస్తాయని భయపడకండి. ఆ భయమూ నేను పడ్డాను.) ఐతే గ్రాము కొవ్వుకు 9 కెలోరీలు, గ్రాము ప్రొటీనుకైనా పిండిపదార్థానికైనా 4 కెలోరీలు. చెంచా చిన్నదైనా లెక్క పెద్దది గనుక చెయ్యి అదుపులో ఉండాలి.

ప్రొటీను సంగతి వేరు. కొవ్వును ఒళ్ళు దాచుకుంటుంది. ప్రొటీనుకు అలాంటి కొట్టు గది లేదు. ఎక్కువైతే దానిలోని నత్రజనిని యూరియాగా మూత్రంలో పంపివేసి, మిగిలినదాన్ని శక్తికి వాడుకుంటుంది లేదా కొవ్వుగా మార్చుకుంటుంది. తక్కువైతే మాత్రం ఒంట్లో ఉన్న ప్రొటీనునే కరిగించి వాడుకోవాలి. అది ఎక్కడ ఎక్కువగా ఉన్నది? కండలో. గుండె, కాలేయం, రోగనిరోధక కణాలు, ఇవన్నీ ఏ రోజు పని ఆ రోజు జరుపుకోవాలి గనుక తొడకండ, భుజకండ కరిగి వాటికి అప్పు ఇస్తాయి. మా ఆవిడ కంటికి కనిపించినది ఆ అప్పే. వయసు మీదపడ్డాక కండ ఎలాగూ తగ్గుతుంది. ఆ స్థితికి 1989లో ‘సార్కోపీనియా’ అని పేరు పెట్టారు. గ్రీకులో సార్క్స్ అంటే మాంసం, పీనియా అంటే లేమి. మాంసదారిద్ర్యం అనుకోండి. అప్పటికే దరిద్రంలో ఉన్నవాడి సంచిలోంచి రోజూ రెండు రూపాయలు తీస్తే ఏమవుతుంది? లేవలేడు. లేచినా తూలుతాడు. పడితే ఎముక విరుగుతుంది. మా వయసులో తుంటి ఎముక విరిగితే మంచం దిగని వారు ఎందరున్నారో మీకూ తెలుసు.

పప్పు, అన్నం కలిపి తినడంలోని కిటుకు కూడా ఆ అమ్మాయే చెప్పింది. నేను దానిని నా భాషలో చెప్తాను. పూర్వం అచ్చు కూర్పు చేసేవాడి ముందు గళ్ళపెట్టె ఉండేది. గడికొక సీసపు అక్షరం. ‘ళ’ గడి ఖాళీ ఐతే, మిగతా గళ్ళన్నీ నిండుగా ఉన్నా ‘పెళ్ళి’ అన్న మాట కూర్చలేడు. ప్రొటీను కూడా ఇరవై రకాల అమైనో ఆమ్లాల కూర్పు. వాటిలో తొమ్మిదింటిని తిండి నుంచే తెచ్చుకోవాలి. బియ్యంలో లైసీన్ అనే అక్షరం కొరత. పప్పులో అది పుష్కలం. పప్పులో మెథియోనీన్ కొరత. బియ్యంలో అది ఉన్నది. రెండూ కలిస్తే కూర్పు నడుస్తుంది. మినపపప్పు, బియ్యం కలిసిన ఇడ్లీ కూడా ఇంతే. మన పెద్దలు అమైనో ఆమ్లాలు తెలిసి చేశారని నేను గొప్పలు పోను. నాలుక మెచ్చినదీ ఒంటికి పట్టినదీ తరాలు గడిచేకొద్దీ నిలిచింది. పెళ్ళి భోజనానికి ‘పప్పన్నం’ అని పేరు పెట్టుకున్న జాతి మనది. అప్పు చేసైనా తినదగినది ఏదంటే పప్పుకూడే అనుకున్నాం. ఆ జాతిలో పుట్టి నేను పప్పులో కాలు వేశాను.

బడిపంతులును గనుక లెక్క వేసుకున్నాను. భారత వైద్య పరిశోధన మండలి 2020లో పెద్దలకు నిర్ణయించిన మోతాదు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీను. 62 కిలోల నాకు 51 గ్రాములు పైచిలుకు. అరవై ఐదు దాటినవారికి కిలోకు 1 గ్రాము నుంచి 1.2 గ్రాముల వరకు అవసరమని 2013లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి చెప్పింది. మరి నేను తిన్నదెంత? బియ్యం 300 గ్రాములు, అందులో 21 గ్రాములు. మూడు ఇడ్లీలలో 6. కాఫీలో పాలు, పలుచని మజ్జిగ కలిపి 8. చారులోని పప్పుకట్టులో 3. కూరలలో 3. మొత్తం 41. రోజుకు పది గ్రాములకు పైగా లోటు, అదీ రెండేళ్ళపాటు.

ఇప్పుడు నా కంచం ఇది. ఉదయం 50 గ్రాముల పెసలతో పెసరట్టు. బియ్యం 180 గ్రాములకు దిగింది. కందిపప్పు 60 గ్రాములు, వండిన తరువాత కాదు, వండకముందు తూచి. గుప్పెడు వేరుసెనగ గుళ్ళు. మజ్జిగకు బదులు పెరుగు. మొత్తం 56 గ్రాములు దాటుతుంది. ముద్దపప్పు మీదికి రెండు చిన్న చెంచాల నెయ్యి మళ్ళీ వచ్చింది. ఆ పది గ్రాముల నెయ్యిలో సంతృప్త కొవ్వు ఆరేడు గ్రాములు. నా రోజు తిండికి ఉన్న హద్దు సుమారు 20. పాలలోనిదీ, నూనెలోనిదీ కలిపినా హద్దు దాటడం లేదు. బిళ్ళ మానలేదు. గుండె జబ్బు ఉన్నవారి హద్దు వేరు, వారు తమ వైద్యులను అడగాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ప్రొటీను పెంచేముందు తప్పక అడగాలి. ఇంకొక మాట. తిన్నంత మాత్రాన కండ రాదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పది సార్లు లేచి కూర్చోవడం నాకు ఇప్పుడు ఉదయసంధ్య. ఎనిమిది నెలలు పట్టింది గాని, పీట మీద నుంచి గోడ పట్టుకోకుండా లేస్తున్నాను.

ఇది నా ఒక్కడి కథ ఐతే ఇంత వ్రాయను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకాలు చూడండి. మన దేశంలో రోజు శక్తిలో 50 నుంచి 70 శాతం ధాన్యం నుంచే వస్తున్నదనీ, పప్పులు, మాంసం, చేపలు అన్నీ కలిపి 6 నుంచి 9 శాతం మాత్రమేననీ, ఉండవలసినది 14 శాతమనీ అందులో ఉన్నది. రోజుకు 2000 కెలోరీల కంచంలో ధాన్యం 250 గ్రాములు, పప్పులు లేదా మాంసాహారం 85 గ్రాములు, గింజలు 35 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, నూనె నెయ్యి కలిపి 27 గ్రాములు ఉండాలని ఆ సంస్థ లెక్క. మన ఇళ్ళలో ఈ లెక్క ఎక్కడ తప్పుతున్నదో చెప్పనక్కరలేదు. పప్పు ధర పెరిగినప్పుడల్లా గిన్నెలో నీళ్ళు పెరుగుతాయి. బడిలో మధ్యాహ్న భోజనం వేళ గరిటె ముంచితే అడుగు కనిపించే పప్పును నేనూ చూశాను. ప్రాథమిక పాఠశాల పిల్లవాడికి నియమం ప్రకారం రోజుకు 20 గ్రాముల పప్పు. కాగితం మీది 20 గ్రాములు కంచంలోకి వచ్చేసరికి ఎంత ఉంటుందన్నది నీళ్ళు పోసే చెయ్యి మీద ఆధారపడి ఉంటుంది.

ఇదంతా చదివి అంగడికి పరుగెత్తి ప్రొటీను పొడి డబ్బా కొనకండి. అదే మార్గదర్శకాలు ఆ పొడులను వాడవద్దనే చెప్పాయి. వైద్యులు రోగికి అవసరమని ఇస్తే అది వేరు. మనకు కందిపొడి ఉన్నది, సున్నుండ ఉన్నది, నువ్వులతో చిమ్మిలి ఉన్నది, ఉలవలు ఉన్నాయి. తినేవారికి గుడ్డు, చేప ఉన్నాయి. బెల్లం పాలు మాత్రం తగ్గించుకుంటే సరి.

నా విన్నపం రెండు మాటలు. పాఠాలు వ్రాసేవారు ‘మాంసకృత్తులు’ అని వ్రాసినప్పుడు పక్కనే కందిగింజ బొమ్మ కూడా వేయండి, ‘కండను చేసేది’ అని ఒక్క వాక్యం చేర్చండి. ‘సంతృప్త కొవ్వు’ అన్నచోట ‘గడ్డకట్టే కొవ్వు’ అని వ్రాస్తే ఇంటి ఇల్లాలికి తక్షణం అర్థమవుతుంది. ఇంతకంటే మంచి మాటలు మీకు తోస్తే వ్రాయండి, నేర్చుకుంటాను.

రెండవది, దూరదేశాలలో, దూరనగరాలలో ఉన్న పిల్లలకు. వారానికొకసారి అమ్మానాన్నలతో మాట్లాడేటప్పుడు “అన్నం తిన్నారా?” అని అడగడం మన అలవాటు. తినే ఉంటారు, కావలసినదానికంటే ఎక్కువే తిని ఉంటారు. ఈసారి “పప్పు ఎంత వేసుకున్నారు?” అని అడగండి. “చారుతో సరిపెట్టుకున్నాం నాయనా” అంటే, ఎందుకని ఇంకొక ప్రశ్న అడగండి.

స్వస్తి.